మూడు తూటాలూ ఒక గరిటే

ఆ శుక్రవారం పొద్దున కామేశ్వరి వేసుకున్న ప్లాను ఏమంత పెద్దది కాదు. గుత్తివంకాయ కూర, పులిహోర, కందిపచ్చడి, సేమ్యా పాయసం. మధ్యాహ్నం భర్త విశ్వేశ్వరరావు గారి అర్బాబ్ ఖల్ఫాన్ భోజనానికి వస్తాడు. అర్బాబ్ అంటే మస్కట్‌లో యజమాని అనుకోండి. ఆయన కడుపారా తిని, ఆదివారం ఆఫీసుకి వెళ్లి, అరవై దాటిన తన అకౌంటెంటుని ఇంకొన్నాళ్లు ఉంచుకుంటున్నట్టు సంతకం పెడతాడు. సంతకం పడితే ఈ అల్ హైల్ పేటలోనే ఉంటూ, రెండు వీధుల అవతల కూతురింట్లో ఉన్న మనవరాలు స్నిగ్ధకి రోజూ జడలు వేసుకోవచ్చు. పడకపోతే పెట్టెలు సర్దుకోవడమే.

అయితే ఖల్ఫాన్ వస్తున్నది వంకాయ కోసం కాదు, తూటా కోసం. ఆయన అన్ని అనుమతులూ తీసుకుని టాంజానియాకి అడవిదున్నల వేటకి వెళ్తున్నాడు. ఒక్కో దెబ్బకీ చేత్తో గడియ లాగి తొయ్యాల్సిన పెద్ద గొట్టం తుపాకి కొనాలి. ఏ తూటా పట్టేది కొనాలో ఆయనకి తేలడం లేదు. ఆ బెంగ ఆఫీసులో టీ తాగుతూ వెళ్లబోసుకుంటే, మన విశ్వేశ్వరరావు గారికి నోరు ఊరుకుందా? "మా నాన్నగారు అడవిదున్నని ఒక్క దెబ్బకి పడగొట్టారు సార్. మా ఇంట్లో ఫోటో ఉంది" అనేశారు.

ఫోటో ఉన్న మాట నిజమే. ముందుగది గోడ మీద, చచ్చిన దున్న మీద ఒక కాలు వేసి నిలబడ్డ మామగారు. కానీ ఆ దున్నని కొట్టింది జమీందారు. మామగారు ఆయన వెంట మన్యానికి వెళ్లిన వంటాయన. జమీందారు తాంబూలం వేసుకోవడానికి అవతలికి పోతే, ఫోటోలు తీసేవాడు "ఏమయ్యా, కాస్త అక్కడ నిలబడు, వెలుతురు చూసుకోవాలి" అన్నాడు. పొయ్యి దగ్గరనుంచి లేచి వచ్చిన మనిషి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. కాపురానికి వచ్చిన కొత్తలోనే అత్తగారు ఈ సంగతంతా కామేశ్వరికి నవ్వుతూ చెప్పింది. విశ్వేశ్వరరావు గారు మాత్రం గంధపుచెక్కల దండ ఒకటి, సరిగ్గా గరిటె మీదికి వచ్చేంత పొడుగుది, వెతికి తెచ్చి వేశారు.

"ఏవండీ, తెల్లారి లేచింది మొదలు ఆ ఫోన్ వదల్లేదు మీరు."

"చదువుకుంటున్నానే. ఆ తుపాకులకి ముఖ్యంగా మూడు తూటాలున్నాయి. మూడు డెబ్బయ్యైదు, నాలుగు పదహారు, నాలుగు యాభై ఎనిమిది. నంబరు పెరిగేకొద్దీ తూటా లావు. దున్నకి దెబ్బ గట్టి, కాల్చేవాడి భుజానికి తన్నూ గట్టే."

"మరి ఏది చెబుతారు?"

"మధ్యది. ఆఫీసులో మూడు కొటేషన్లు వస్తే ఎక్కువదీ తక్కువదీ పక్కన పెట్టి మధ్యది ఖాయం చేస్తాం. ఇన్నేళ్లలో ఎవడూ వేలెత్తి చూపలేదు."

"దున్నకి కొటేషన్ల సంగతి తెలుసంటారా?"

"నువ్వు వంకాయలు చూసుకో" అని ఆయన స్నానానికి వెళ్లారు.

దొరలాంటి మనిషి ఇంటికి వస్తుంటే గోడలు శుభ్రంగా ఉండొద్దూ? కామేశ్వరి ఫోటో తుడిచింది. దండ నిండా ఎడారి దుమ్ము. దాన్ని తీసి, నీళ్లలో జాడించి, బాల్కనీ కమ్మీకి క్లిప్పు పెట్టి ఆరేసింది. అంతలో బెల్లు మోగింది. ఆఫీసు డ్రైవరు జిలాని, కడప మనిషి, చేతిలో మఖ్మల్ పెట్టెతో నిలబడ్డాడు.

"పెద్దమ్మా, సార్ యాడున్నాడు? అర్బాబ్ ఈ పెట్టె ఇమ్మన్యాడు. తాను వచ్చేలోపల సార్ ఒకటి తేల్చి పెట్టాలంట."

"ఇవి పేలవు కదా నాయనా?"

"లోపల మందు ల్యాదులేమ్మా. ఉత్త చూపించేదానికి చేసినవి."

పెట్టెలో మూడు ఇత్తడి తూటాలు, చిన్నదాని పక్కన పెద్దది, ముగ్గురన్నదమ్ముల్లా నిలబడి ఉన్నాయి. కామేశ్వరి ఇంటికి ఏ కొత్త వస్తువు వచ్చినా, ఫ్రిజ్జు కానీ స్నిగ్ధ బడి సంచీ కానీ, దేవుడి దగ్గర పెట్టి బొట్టు పెట్టందే వాడనివ్వదు. ఇవి మరీ క్రూరమృగం ముందుకి వెళ్లేవాటి తోబుట్టువులాయె. దేవుడి అలమర ముందు పెట్టి, పెద్దవాడికి ముందు పెట్టడం మర్యాద కాబట్టి లావుపాటి తూటాకి పసుపు రాసి కుంకుమ దిద్దింది. రెండోదాని మీదికి వేలు వెళ్లేలోగా పాయసం పాలు పొంగాయి. పరిగెత్తింది. ఆ పరుగులో తమ్ముళ్లిద్దరినీ మరిచిపోయింది.

ఖల్ఫాన్ చెప్పిన వేళకి కాస్త ముందే వచ్చాడు. కాళ్లదాకా వచ్చే తెల్లటి దిష్దాషా, కుట్టుపని చేసిన టోపీ. చిన్నప్పటినుంచీ మత్రా బజారులో మన వర్తకుల మధ్య పెరిగినవాడు, హిందీ బాగా మాట్లాడతాడు. కామేశ్వరి హిందీ టీవీ సీరియళ్ల నుంచి వచ్చింది, కానీ ఆవిడ దేనికీ జంకదు. ఆయన్ని కూర్చోమని మంచినీళ్లకి వెళ్లి వచ్చేసరికి, ఆయన ఫోటో ముందు నిలబడి ఉన్నాడు.

తల దువ్వుకుంటూ వచ్చిన విశ్వేశ్వరరావు గారు గోడ చూశారు. దండ లేదు. గరిటె తళతళా మెరుస్తోంది. ఒక్క అంగలో వెళ్లి ఫోటోకి వీపు ఆనించి నిలబడ్డారు.

"కూర్చోండి రావ్ సాబ్" అన్నాడు ఖల్ఫాన్, సోఫాలో కూర్చుంటూ.

"వద్దు సార్. మా నాన్నగారి ముందు నేను కూర్చోను."

ఖల్ఫాన్ గుండెల మీద చెయ్యి వేసుకుని, తనూ లేచి నిలబడ్డాడు. ఇక ఇద్దరూ నిలబడే తిన్నారు. కామేశ్వరి కంచాల చుట్టూ తిరుగుతూ వడ్డించింది. ఖల్ఫాన్ పాయసం రెండుసార్లు పోయించుకుని, "భాభీ, ఇక ఆ పెట్టె తెండి" అన్నాడు.

పెట్టె తెరిచాడు. పెద్ద తూటాకి పసుపు, కుంకుమ. మిగతా రెండూ బోడిగా ఉన్నాయి.

"తేల్చేశారన్నమాట. ఇదేనా?"

విశ్వేశ్వరరావు గారు తూటాని చూశారు, పెళ్లాన్ని చూశారు. కాదంటే బొట్టు కథ చెప్పాలి, ఆ కథ చెబుతూ గోడ దగ్గర్నుంచి కదలాలి. "అదే సార్. నాలుగు యాభై ఎనిమిది. మా ఇంట్లో ఏదైనా నిశ్చయమైతే బొట్టు పెట్టేస్తాం."

కామేశ్వరి నోరు తెరవబోయింది.

"పాయసం" అన్నారాయన.

ఆవిడ పాయసం గిన్నె గోడ దగ్గరికే తెచ్చి, గొంతు తగ్గించి తెలుగులో, "మధ్యది ఏమైందండీ?" అంది.

"మధ్యదానికి నువ్వు బొట్టు పెట్టలేదుగా. నన్నేం చెయ్యమంటావు?"

అవతల ఖల్ఫాన్ అప్పటికే ఫోన్లో మాట్లాడేస్తున్నాడు. "తమామ్, అంతా బాగుంది. నా స్నేహితుడి దగ్గర మూడు రకాల తుపాకులూ ఉన్నాయి. తుపాకులు కాల్చే రేంజ్‌కి తీసుకొస్తున్నాడు. పదండి, కాల్చి చూద్దాం. మొదటి దెబ్బ దున్నని పడగొట్టినాయన కొడుకుదే."

విశ్వేశ్వరరావు గారు ఆఖరుసారి కాల్చింది దీపావళి రీలు తుపాకి. "నేనూ వస్తాను" అని కామేశ్వరి చెప్పులేసుకుంది.

కారులో ఆవిడకి సంతకం బెంగ ఒక్కటే కాదు. ఈ అబద్ధం బయటపడితే, 'దున్న విషయంలో ఇలా చేసినవాడు నా లెక్కల్లో ఏం చేసి ఉంటాడో' అని ఆయన అనుకోడూ? అది ఒకటి. రెండోది, తన చేతి పాయసం తిన్న మనిషి, తన కుంకుమని నమ్ముకుని మృగానికి ఎదురు నిలబడబోతున్నాడు. ఆయనకేమైనా అయితే ఆ పాపం పాలు పొంగడం మీదికి తోసెయ్యగలదా? ఆవిడ కొంగు బిగించింది.

ఊరవతల కొండల మధ్య రేంజ్. ఎదురుగా అట్టతో చేసిన దున్న బొమ్మ. ఖల్ఫాన్ స్నేహితుడు లావుపాటి తుపాకి తెచ్చి విశ్వేశ్వరరావు గారి చేతిలో పెట్టబోయాడు. ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకోవడం కామేశ్వరికి దూరంనుంచే కనిపించింది.

"ఆగండి" అందావిడ. "మా ఇంట్లో యజమాని కంటే ముందు ఎవరూ చెయ్యి వెయ్యరు. ముందు మీరు."

ఖల్ఫాన్ మురిసిపోయి తుపాకి అందుకున్నాడు. పేలింది. ఆయన టోపీ ఒకవైపు, ఆయన ఒకవైపు. దున్న మాత్రం ఎక్కడిదక్కడే ఉంది, దాని వెనక కొండమీద దుమ్ము లేచింది. భుజం రుద్దుకుని మళ్లీ కాల్చాడు. మళ్లీ కొండే. అందరూ బొమ్మని చూస్తుంటే కామేశ్వరి మాత్రం ఆయన మొహాన్ని చూసింది.

"భయ్యా, అది పేలకముందే మీరు కళ్లు మూసుకుంటున్నారు."

"నేనా?"

"మీరే. మా అమ్మాయి తిరగమోత నేర్చుకునే రోజుల్లో ఇంతే. పెద్ద మూకుడులో నూనె కాగితే చాలు, కళ్లు మూసి ఆవాలు విసిరేది. పొయ్యి మీద పడేవి, గోడ మీద పడేవి, మూకుడులో తప్ప. చిన్న మూకుడు ఇచ్చాను, కళ్లు తెరిచింది. ఎంత పెద్దదైతే ఏం? కళ్లు తెరిచి కాల్చగలిగిందే మీది. అక్కడ ఎదురుగా ఉండేది అట్ట కాదుగా."

స్నేహితుడు పకపకా నవ్వి, "ఆ మాట నేను మొదటినుంచీ చెబుతున్నాను" అన్నాడు. మధ్యదాంతో కాలిస్తే ఖల్ఫాన్ సగం కన్ను మూశాడు, బొమ్మ తోకకి గీత పడింది. మూడు డెబ్బయ్యైదుతో కాల్చాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. దున్న జబ్బ వెనక, గుండె ఉండేచోట, చిల్లు. గడియ లాగి తోసి మళ్లీ కాల్చాడు. మొదటి చిల్లు పక్కనే రెండోది.

"చాలాచోట్ల దున్నకి ఇంతకంటే చిన్నది ఒప్పుకోరు" అన్నాడు స్నేహితుడు. "కానీ ఇది తగలాల్సిన చోట తగిలితే ఇంతకంటే పెద్దదీ అక్కర్లేదు."

"నేనూ అదే చెబుదామనుకున్నాను" అన్నారు విశ్వేశ్వరరావు గారు ధీమాగా.

ఖల్ఫాన్ టోపీ దులుపుకుని పెట్టుకుంటూ, చాలా మామూలుగా అడిగాడు. "రావ్ సాబ్, మీ నాన్నగారు ఏం వండేవారు?"

"ఉప్మా" అన్నారు విశ్వేశ్వరరావు గారు. అన్నాక నాలిక కరుచుకున్నారు.

"గుమ్మంలో అడుగు పెట్టగానే చూశాను. గరిటె పట్టుకుని వేటకి వెళ్లినవాణ్ని నేనింతవరకూ ఎరగను."

"మరి అప్పుడే అడిగెయ్యలేదేం భయ్యా? నిలబడి తిన్నారు కూడాను" అంది కామేశ్వరి.

"నాకు తెలిసిన వేటగాళ్లందర్నీ అడిగేశాను భాభీ. ప్రతివాడూ తను మోయలేనిది నన్ను మోయమన్నాడు. వంటాయన ఇంట్లోనైనా అసలు మాట దొరుకుతుందేమోనని చూశాను. దొరికింది. రావ్ సాబ్ దగ్గర మాత్రం కాదు."

"గరిటె రోజూ కనిపించదండీ. దానిమీద దండ ఉంటుంది. ఇవాళే కడిగి ఆరేశాను" అంది కామేశ్వరి, ఇక దాచడమెందుకని.

ఖల్ఫాన్ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత అకౌంటెంటు భుజం మీద చెయ్యి వేశాడు. "ఆదివారం సంతకం పెడతాను. ఒకటే షరతు. నా లెక్కల మీద దండ వెయ్యకండి."

ఆదివారం సంతకం పడింది. ఆరిన దండ మళ్లీ గోడ ఎక్కింది, కాకపోతే కామేశ్వరి దాన్ని మడతపెట్టి, గరిటె బయటికి కనిపించేలా కట్టింది. సాయంత్రం సారుని దింపడానికి వచ్చిన జిలాని, ఆఫీసులో సార్ చెప్పిన తూటా కథంతా ఆవిడకి పూసగుచ్చినట్టు వినిపించాడు.

అందులో గరిటె లేదు, కామేశ్వరీ లేదు.