చనిపోయినవారి సమ్మతి పత్రం

ఒక దేశం ఎంత నాగరికమైనదో తేల్చాలంటే అది ఎంతమందిని చంపిందో చూడకూడదు. ఆ చావుల కాగితాలను ఎంత చల్లటి గదిలో దాచిందో చూడాలి. ఈ లెక్కన మా తైవాన్ ఎవరికీ తీసిపోదు. మా స్మృతి పరిరక్షణ మహాభవనంలో ఏడాది పొడుగునా పద్దెనిమిది డిగ్రీలే. చెదపురుగులకు ప్రవేశం లేదు. వారసులకు ఉంది: మంగళ, గురువారాల్లో, పది నుంచి పన్నెండు దాకా.

మొన్న గురువారం డెబ్బై ఆరేళ్ళ ఖో సొక్-చిన్ తైనాన్ నుంచి మొదటి రైలెక్కి వచ్చింది. పక్కింటివాణ్ణి గనక సంచి మోస్తూ నేనూ వచ్చాను. ఆమెకు కావలసింది ఒక్క కాగితం. ఆమెకు నాలుగేళ్ళప్పుడు సైనిక కోర్టు ఆమె తండ్రిని కాల్చి చంపించింది. చావుకు ముందురోజు ఆయన ఇంటికొక ఉత్తరం రాశాడు. జైలువాళ్ళు దాన్ని పోస్టు చెయ్యకుండా ఫైల్లో కుట్టేశారు. (పారేయలేదు. మా ప్రభుత్వం ఏదీ వృథా చేయదు.) ఆ ఉత్తరం ఉందన్న సంగతి ఈ ఏడే బయటపడింది. తండ్రి చేతిరాత ఎలా ఉంటుందో ఆమె ఇంతవరకూ చూడలేదు.

మూడో కౌంటర్లో ఫాన్ అనే గుమాస్తా ఉన్నాడు. మహా మర్యాదస్తుడు. లేచి నిలబడి, నడుం వంచి, 'అమా' (మా భాషలో అవ్వా) అని పిలిచి మరీ కుదరదన్నాడు.

"ఉత్తరం సొంత విషయం కదా, అమా. రాసినవారి సమ్మతి కావాలి."

"రాసినాయన పోయాడు నాయనా."

"పోయినట్టు రుజువు?"

"మీరే కదయ్యా కాల్చింది!"

"మేం కాదు, అమా. అది వేరే శాఖ."

ఇలాంటి చిక్కు వస్తుందని పైవాళ్ళు ముందే ఊహించారు. పదకొండు మంది పండితులు రెండేళ్ళు కూర్చుని ఇరవై రెండో నిబంధన రాశారు. చనిపోయినవారి సమ్మతిని ఆచారం ప్రకారం, కార్యాలయంలోనే, అధికారి ఎదుట పొందవచ్చు. అంటే గుళ్ళో దేవుణ్ణి అడిగినట్టే. నెలవంకల్లాంటి రెండు ఎర్ర చెక్కలు, ఒకవైపు చదును, ఒకవైపు ఉబ్బు. నేలమీద వేస్తే ఒకటి చదునూ ఒకటి ఉబ్బూ పైకొస్తే 'సరే'. రెండూ ఉబ్బే అయితే 'వద్దు'. రెండూ చదునే అయితే పోయినవాళ్ళు నవ్వుతున్నట్టు. వరసగా మూడు 'సరే'లు పడాలి.

ఫాన్ సొరుగులోంచి చెక్కలు తీశాడు. వాటికి ప్రభుత్వ ఆస్తి నంబరు అంటించి ఉంది. ఆమెకు తెల్ల గ్లౌజులు తొడిగించాడు. అగరుబత్తి మాత్రం వద్దన్నాడు. (ఇక్కడి కాగితాలకు నిప్పు పెట్టే హక్కు పాత ప్రభుత్వాలకే ఉండేది.)

"నాన్నా, నేను చిన్‌ని. నీ ఉత్తరం తీసుకోనా?"

ఆమె చెక్కలు వేసింది. నాన్న 'సరే' అన్నాడు. రెండోసారి రెండు చెక్కలూ చదునే.

"నవ్వుతున్నాడు!" అంది ఆమె సంబరంగా.

ఫాన్ ఫారాన్ని అటూ ఇటూ తిప్పాడు. "'అవును', 'కాదు' గళ్ళే ఉన్నాయి, అమా. నవ్వుకు గడి లేదు."

"గడి లేకపోతే గియ్యి. మీ వాలకం చూస్తే చచ్చినవాడికైనా నవ్వొస్తుంది!"

సెక్షన్ అధికారి లియావ్ గారిని పిలిపించారు. ఆయన పాత ఫైలు తిరగేశాడు. విచారణ రోజున కూడా ముద్దాయి జడ్జిగారి ముందు నవ్వినట్టు అందులో రాసి ఉంది. "పాత అలవాటే," అని నిర్ధారించి, మళ్ళీ మొదట్నుంచి వేయమన్నాడు.

ఈసారి వరసగా మూడూ 'సరే'. వెనక నిలబడ్డవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఫాన్ వాళ్ళకు 'నిశ్శబ్దం' బోర్డు చూపించి, తనూ మెల్లగా రెండుసార్లు కొట్టాడు.

గంటకు నకలు వచ్చింది. సొక్-చిన్ అద్దాలు పెట్టుకుంది. సన్నటి రాత, తొందరగా రాసింది. వేలు పెట్టి చదివింది.

'■■■కు దగ్గు తగ్గిందా? ■■■ను నిద్ర లేపకుండా వచ్చేశాను. కోపం వద్దని చెప్పు.'

వేలు నల్లగా ఉన్నచోటికి వెనక్కి వెళ్ళి ఆగింది. తలెత్తి అడిగింది: "ఈ నల్లమసేంటి?"

"మూడో మనిషి పేరు, అమా. వారి గోప్యత కాపాడాలి కదా."

"ఆ మనిషిని నేనేరా! ఆ దగ్గు నాదే!"

"అయ్యుండొచ్చు. కింద ఏ పేరుందో నేను చెప్పకూడదు. ఆ మనిషే వచ్చి దరఖాస్తు పెట్టుకోవాలి."

"వచ్చింది. నీ ముందే కూచుంది."

"మీరు రాసినవారి వారసులుగా వచ్చారు. ఒకే మనిషి ఒకే రోజు రెండు హోదాల్లో రాకూడదు."

"మా నాన్నకు నేనొక్కదాన్నే పిల్లని!"

ఫాన్ చెయ్యి మళ్ళీ సొరుగు మీదికి వెళ్ళింది. "అది కూడా ఆయన్నే అడుగుదామా?"

ఆమె కాగితం అడుగున ఉన్న ముద్రలు చూస్తోంది. జైలు అధికారి, సెన్సారు, కల్నల్, వాళ్ళ తర్వాత వచ్చినవాళ్ళు, చివరికి ఇందాక ఆ నలుపు పూసిన ఉద్యోగి. పద్నాలుగు ముద్రలు.

ఆ పద్నాలుగు మందీ ఆ పేరు చదివినవాళ్ళే. ఇక దాని గోప్యతను కాపాడాల్సింది ఆమె ఒక్కతె నుంచే.