అరగంటకొక ప్రార్థన

ఆ శుక్రవారం ఉదయం ఎబినేజరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆస్పత్రికి పోవడం, బీపీ మిషన్ కట్టించుకోవడం, కాడుగోడిలోని తన ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా పడి ఉండటం. స్కూలు బస్సు డ్రైవరతను. సోమవారంలోగా డాక్టరు సంతకం చేసిన ఫిట్‌నెస్ కాగితం ఇవ్వకపోతే, పద్దెనిమిదేళ్ళుగా పట్టుకున్న స్టీరింగు ఇంకొకరి చేతికి పోతుంది.

కిందటి వారం డాక్టర్ సహన చూసినప్పుడు బీపీ నూట అరవై ఎనిమిది. ఆ అంకె విన్నప్పటి నుంచి అతనికి ముద్ద దిగడం లేదు. వాళ్ళ నాన్న ఈ బీపీతోనే పక్షవాతమొచ్చి మంచాన పడ్డాడు మరి.

"కొందరికి డాక్టర్ని చూస్తేనే బీపీ ఎక్కుతుంది అంకుల్," అంది సహన ఆ శుక్రవారం, మిషన్ పట్టీ చేతికి చుడుతూ. "ఇది ఇరవైనాలుగు గంటలూ ఒంటిమీదే ఉండాల. పగలు అరగంటకోసారి బిగుసుకుంటుంది, అప్పుడు చెయ్యి కదపొద్దు. ఆ టైముకి ఏం చేస్తాండారో కాగితంలో రాయండి. సుమ్నే, ఊరికూరికే భయపడొద్దు."

భయపడొద్దని డాక్టరే చెప్పిందంటే ఏదో ఉందన్నమాటే. ఎబినేజరు ఆటోలో ఇంటిదాకా ఆ చేతిని పసిబిడ్డలా పట్టుకుని కూర్చున్నాడు.

భార్య సుగుణమ్మది మంచి మనసు. ఆ మంచి మనసుతోనే చర్చి గ్రూపులో రెండు ముక్కలు పెట్టింది: "మా ఆయనకి మిషన్ పెట్టిండారు. ఇరవైనాలుగు గంటలు గడవాలంట. ప్రార్థించండి."

ఇంకేముంది! వాళ్ళ సంఘంలో ఎవరి ప్రాణం మీదికైనా వస్తే గొలుసు ప్రార్థన పెడతారు. కుటుంబానికి అరగంట చొప్పున, మధ్యలో తెగకుండా. మామూలుగా ఎవరింట్లో వాళ్ళు చేస్తారు. ఈసారి మాత్రం, "మనిషి ఇంట్లోనే ఉండాడు కదా, పోయి చేస్తే పోలా?" అని ఎవరో అన్నారు.

సరిగ్గా పదింటికి మిషన్ గుర్రుమని చెయ్యి పట్టుకుంది. సరిగ్గా అప్పుడే తలుపు మోగింది.

"వందనాలు బ్రదర్! లేయొద్దప్పా, కూర్చో," అంటూ డేవిడ్ కుటుంబంతో సహా దిగాడు. "మా బాబాయి కూడా ఇట్లనే బాగుండె. టీ తాగి గ్లాసు కింద పెట్టినాడు, అంతే."

"అంతే అంటే?"

"అంతేనప్పా. గ్లాసు మాత్రం పగల్లేదు."

ఎబినేజరుకు చేతిలోని టీ గ్లాసును కింద పెట్టడానికి ధైర్యం చాలలేదు. మిషన్ నూట డెబ్భై ఒకటి చూపించింది.

పదిన్నరకు రిటైరైన నర్సు హెప్సిబా వచ్చింది. కనురెప్ప ఎత్తి చూసి నిట్టూర్చింది. "కాళ్ళు వాచినాయా? బీపీ ముదిరితే కిడ్నీలకి పోతాది, తెలుసునా?" కాళ్ళ వంక చూసుకున్నాడు. వాచినట్టే ఉన్నాయి. నూట డెబ్భై ఎనిమిది.

వచ్చినవాళ్ళెవరూ కదలకపోవడంతో మధ్యాహ్నానికి ఇంట్లో జనం పట్టక చర్చి నుంచి ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించి వాకిట్లో వేశారు. వాకిట్లో కుర్చీలు కనబడితే వీధి ఏమనుకుంటుందో చెప్పాలా? ఎదురింటి నారాయణప్ప బంతిపూల దండతో వచ్చి, గుమ్మంలో నిలబడిన మనిషినే అడిగాడు:

"పాపం, ఎన్ని గంటలకు అయిందప్పా?"

తలెత్తి చూస్తే ఎదురుగా ఎబినేజరే! నారాయణప్ప దండను గేటుకు తగిలించి జారుకున్నాడు. అప్పుడే మిషన్ మళ్ళీ బిగుసుకుంది. నూట తొంభై రెండు. తన పని అయిపోయిందని ఎబినేజరుకు నమ్మకం కుదిరింది.

నాలుగింటికి పాస్టరు డానియల్ గారు వచ్చి, తల మీద చెయ్యి పెట్టి గంటసేపు ప్రార్థించారు. ఆ రోజుకి ఆ గంటే కాస్త ప్రశాంతంగా గడిచింది.

మర్నాడు ఆస్పత్రికి భార్యా, పాస్టరు గారూ తోడు వచ్చారు. సహన గ్రాఫు చూసి కళ్ళు పెద్దవి చేసింది.

"పగలంతా ఆకాశంలో ఉండాది. నాలుగు నుంచి అయిదు మాత్రం నూట పదహారు! అప్పుడేం చేసినారు?"

కాగితంలో పొద్దుటి నుంచి వచ్చినవాళ్ళ పేర్లే వరసగా ఉన్నాయి; నాలుగింటి దగ్గర 'పాస్టరు గారి ప్రార్థన' అని ఉంది.

"దేవునికి స్తోత్రం!" అన్నారు పాస్టరు గారు. "రేపు చర్చిలో సాక్ష్యం చెప్పాలప్పా నువ్వు!"

"ఒక్క మాట అంకుల్," అంది సహన, ఫిట్‌నెస్ కాగితం మీద పెన్ను ఆనించి. "అప్పుడు మెలకువగా ఉన్నారా? నిద్రలో ఎవరికైనా దిగుతుంది, అది లెక్కకి రాదు. మెలకువలోనే ఇంతుంటే సంతకం చేస్తా."

ఎబినేజరు ఆ పెన్ను వంకే చూశాడు. ఒక్క అబద్ధం చాలు, స్టీరింగు తనదే. పాస్టరు గారు నవ్వుతున్నారు. సుగుణమ్మ కళ్ళతోనే తొందరపెడుతోంది. అతనికి మాత్రం వెనక సీట్లలో నలభైమంది పిల్లలు కనబడ్డారు.

"నిద్రపోయినానమ్మా," అన్నాడు. "ఆమెన్‌కి లేచినా."

పాస్టరు గారు ఫ్యాను వంక చూశారు. సహన పెన్నుకు మూత పెట్టింది.

"మళ్ళీ కడతా. ఈసారి ఎవరికీ చెప్పొద్దు."

ఆ శనివారమంతా ఎబినేజరు స్కూలు షెడ్డులో ఆగి ఉన్న బస్సులోనే ఉన్నాడు. ప్రతి అరగంటకూ కాగితంలో ఒకటే మాట రాశాడు: 'స్టీరింగు దగ్గర కూర్చున్నా.' సోమవారం పొద్దున సహన చూస్తే, నూట ఇరవై దాటిన అంకెలు నాలుగైదే.

"మీకుండేది బీపీ కాదు, చుట్టాలు," అని సంతకం పెట్టింది. "ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకోండి."

ఎబినేజరుకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ రోజూ తోడొచ్చిన పాస్టరు గారు చొక్కా చెయ్యి మడిచి, "పనిలో పని, నాదీ చూడమ్మా," అన్నారు.

నూట ఎనభై నాలుగు.

సహన ఎబినేజరు విప్పిన ఇరవైనాలుగు గంటల మిషన్ తీసి ఆయన చేతికి చుట్టింది. పాస్టరు గారి మొహం పాలిపోయింది. "భయమేమీ లేదు కదప్పా?" అని ఎబినేజరును మెల్లగా అడిగారు.

"ఏమీ లేదయ్యగారూ. డేవిడ్ వాళ్ళ బాబాయి కూడా ఇట్లనే బాగుండె."

ఆ రోజు గొలుసు ప్రార్థనలో మొదటి అరగంట ఎబినేజరుదే.