లిఫ్టు ఆగింది, కండలు కదిలాయి!

లిఫ్టు పాడైన అపార్టుమెంటులో ఫ్లాటు దొరకడం పూర్వజన్మ సుకృతం! మీరు నవ్వుతారని నాకు తెలుసు. నవ్వండి. నవ్వాలన్నా ముఖంలో బోలెడన్ని కండరాలు పనిచేయాలి కాబట్టి, అదీ ఆరోగ్యానికి మంచిదే.

గుణదలలో మా అపార్టుమెంటుకు ఐదు అంతస్తులు, ఇరవై ఫ్లాట్లు, ఒకే ఒక్క లిఫ్టు. అది సెప్టెంబరులో వినాయక నిమజ్జనం మర్నాడు ఆగిపోయింది. ఫిబ్రవరి వచ్చింది. ఇంకా ఆగే ఉంది. ఈ ఐదు నెలలూ అసోసియేషన్ సెక్రటరీ హోదాలో మా జనాన్ని శ్రద్ధగా గమనించి నేను తేల్చిన సంగతులు లోకకల్యాణం కోసం మీ ముందు పెడుతున్నాను.

మనిషి ఒంట్లో రెండువందల ఆరు ఎముకలు, ఆరువందల పైచిలుకు కండరాలు ఉంటాయి. ఎముక తనంతట తాను అంగుళం కూడా కదలదు. ఆఫీసులో ఫైలు లాంటిది. ఎవరో ఒకరు పట్టుకుని లాగాలి. ఆ లాగే ఉద్యోగం కండరానిది. అది ఒక ఎముక మీద పట్టు పెట్టుకుని, కీలు దాటి, తాడులాంటి స్నాయువుతో రెండో ఎముకను కట్టుకుని ఉంటుంది. తాను బిగిస్తే అది కదులుతుంది. ఇంత గొప్ప ఏర్పాటు ఒంట్లో పెట్టుకుని, ఐదో అంతస్తుకు వెళ్లడానికి చూపుడు వేలితో బటన్ నొక్కుతామా? మిగతా ఐదువందల తొంభై కండరాలూ ఏ పాపం చేశాయండీ?

మా వాళ్లనొచ్చి చూడండి. రెండో అంతస్తు రామకోటేశ్వరరావు గారికి పిక్కలు తేలాయి. ఒకప్పుడు ఆయన లుంగీ కిందినుంచి రెండు వెదురుకర్రలు కనిపించేవి. ఇప్పుడాయన పొద్దున్నే లుంగీ మడిచి కట్టి, పని లేకపోయినా గేటు దాకా నాలుగుసార్లు నడుస్తున్నారు. అరవై ఏడేళ్ల వయసులో ఆయనకు ఈ ముచ్చట ఎవరు తీర్చారు? మా లిఫ్టే!

ఇక చేతుల సంగతి. డెలివరీ కుర్రాళ్లు మూడో అంతస్తు పైకి రామని తేల్చి చెప్పడంతో ఆ పైనున్న ప్రతి బాల్కనీ నుంచీ ఒక తాడు, ఒక బుట్ట కిందికి దిగాయి. పాలు, కూరగాయలు, టిఫిను, మందులు అన్నీ గాల్లోనే ప్రయాణం. నాలుగో అంతస్తు నజీమా గారు మంగళగిరి చీరలు తెప్పించి ఇంట్లోనే అమ్ముతారు. ఆవిడ ఇప్పుడు కట్టకు కట్ట ఒంటిచేత్తో పైకి లాగేస్తున్నారు. మొన్న ఎవరో బేరమాడబోయి, ఆవిడ జబ్బల వంక ఓసారి చూసి, చెప్పిన ధరే ఇచ్చి వెళ్లారట. నా బాల్కనీలో కాఫీ తాగుతూ కూర్చుంటే కళ్ల ముందే బుట్టలు పైకి పోతుంటాయి. ఎంత కన్నుల పండుగో!

చుట్టాల విషయంలోనూ లాభమే. పైఅంతస్తుల వాళ్లింటికి ఇప్పుడు నిజంగా ప్రేమ ఉన్నవాళ్లే వస్తున్నారు. మిగతావాళ్లు గేటు దగ్గర నిలబడి ఫోన్లో పలకరించి, శుభలేఖ బుట్టలో వేసి వెళ్లిపోతున్నారు.

ఈ ఎముకల పరిజ్ఞానమంతా నాకు డయానా దగ్గర అబ్బింది. ఆ అమ్మాయి ఫిజియోథెరపిస్టు. ఉండేది మా ఐదో అంతస్తులో, పనిచేసేది బెంజ్ సర్కిల్ దగ్గర ఒక క్లినిక్‌లో. ఫోను చూసీ చూసీ నా కుడి భుజం పట్టేస్తే రెండు వారాలు ఆమె దగ్గరికి వెళ్లాను. కండరానికి లాగడమే తెలుసనీ, నెట్టడం చేతకాదనీ ఆ అమ్మాయి చెబితే ఆశ్చర్యపోయాను. అందుకే అవి జంటలుగా ఉంటాయట. జబ్బ ముందున్న కండ బిగిస్తే మోచెయ్యి ముడుచుకుంటుంది. వెనకున్న కండ బిగిస్తే చెయ్యి చాచుకుంటుంది. ఒకటి లాగేటప్పుడు రెండోది వదలాలి.

"రెండూ ఒకేసారి లాగితే ఏమవుతుందో తెలుసాండీ సెక్రటరీ గారూ?" అని అడిగింది, నా భుజం పట్టుకుని. "చెయ్యి ఎటూ కదలదు. బిగుసుకుపోతుంది. మన లిఫ్టులాగా."

చక్కని పోలిక అనుకుని ఆ సాయంత్రమే మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. కింద 'మెట్లే మహాభాగ్యం' అని నా సొంత వాక్యం కూడా ఒకటి జతచేశాను. పన్నెండు దండం బొమ్మలు వచ్చాయి. ఐదో అంతస్తు నుంచి ఒక్కటీ రాలేదు.

లిఫ్టు ఎందుకు బాగుచేయించలేదని మీరు అడగొచ్చు. చేయించకపోవడమేమిటి? రెండుసార్లు చేయించబోయాం! మా ప్రెసిడెంటు వెంకటకృష్ణారావు గారు లిఫ్టు పెట్టిన కంపెనీ మనిషి జాన్సన్‌ని పిలిచారు. కంపెనీవాళ్లు పని సాగదీస్తారని, నేను అతన్ని గేటు దగ్గరే ఆపి వెనక్కి పంపాను. తర్వాతి వారం నేను ఇష్తియాక్ అనే మెకానిక్‌ని పిలిపించాను. బయటివాళ్లు చెయ్యి పెడితే యంత్రం పాడవుతుందని ప్రెసిడెంటు గారు అతన్ని వెనక్కి పంపారు. ఎవరి వాదన వాళ్లకు న్యాయమే. దీని మీద ఐదు నెలల్లో ఏడు మీటింగులు పెట్టాం. మీటింగులో టీ, సమోసా ఉంటాయి కాబట్టి దవడ కండరాలకు కూడా లోటు చేయలేదు.

ఇంత మేలు జరుగుతుంటే ఒక్కరు మాత్రం ముందుకు రాలేదు. శౌరమ్మ గారు, డయానా వాళ్ల అమ్మ. డెబ్భై నాలుగేళ్లు. నర్సుగా ముప్ఫై ఏళ్లు వార్డుల్లో నిలబడి నిలబడి రెండు మోకాళ్లలోనూ గుజ్జు అరిగిపోయింది. తొడ కండ ఎంత లాగినా ఎముక మీద ఎముక రాసుకుంటుంటే మెట్లు దిగడం ఎవరివల్లా కాదు. లిఫ్టు ఆగిన రోజు నుంచి ఆవిడ కిందికి దిగి నేల మీద కాలు పెట్టలేదు.

ఫిబ్రవరిలో మా పక్కనున్న కొండ మీద గుణదల మాత తిరునాళ్లు. కొండ ఎక్కలేకపోయినా, కొండ కింద నిలబడి కొవ్వొత్తి వెలిగించడం ఆవిడకు నలభై ఒక్క ఏళ్లుగా తప్పని మొక్కు. వాళ్ల బాల్కనీ నుంచి కొండ మీద దీపాలు కనిపిస్తాయి. అక్కడినుంచే దండం పెట్టుకోవచ్చు కదా అని నేను గ్రూపులో సలహా ఇచ్చాను. దానికి డయానా జవాబు తిరునాళ్లకు ముందురోజు వచ్చింది: రేపు ఉదయం ఎనిమిదింటికి అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి కిందికి దించుతున్నాం, మెట్లు మంచివని రాసినవారు, మెకానిక్కుల్ని తిప్పి పంపినవారు తప్పకుండా రావాలి.

ఇరవై ఇళ్లవాళ్లూ చదివాక వెళ్లకపోతే పరువేం మిగులుతుంది? ప్రెసిడెంటు గారూ నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా ఎక్కాం. మూడో అంతస్తులో ఆయన ఆగారు. నాలుగో అంతస్తులో నేను కూర్చున్నాను. ఐదో అంతస్తు గుమ్మంలో శౌరమ్మ గారు తెల్లచీర కట్టుకుని, చేతిలో కొవ్వొత్తుల పొట్లంతో సిద్ధంగా ఉన్నారు. మా ఇద్దరికీ మంచినీళ్లు ఇప్పించారు.

"రండి బాబూ. లిఫ్టు ఆగాక మీరిద్దరూ మా గుమ్మం దాకా రావడం ఇదే మొదలు," అన్నారు.

ఇక దాచి లాభం లేదు. మా ఇద్దరివీ మొదటి అంతస్తులో ఎదురెదురు ఫ్లాట్లు. పద్దెనిమిది మెట్లు. ఈ ఐదు నెలల్లో నేను అంతకుమించి ఒక్క మెట్టు కూడా ఎక్కలేదు.

కుర్చీ వెనక వైపు మూడో అంతస్తు కుర్రాళ్లు అమన్, సిద్ధార్థ పట్టారు. ముందు వైపు కుడికాలు నాది, ఎడమకాలు ప్రెసిడెంటు గారిది. నాలుగో అంతస్తు మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆయన గోడవైపు తిప్పుదామని లాగారు. నేను రెయిలింగువైపు లాగాను. కుర్చీ కదల్లేదు. శౌరమ్మ గారు మధ్యలో, గాల్లో, కళ్లు గట్టిగా మూసుకుని జపమాల పట్టుకున్నారు. అప్పుడు మాత్రం నాకు సిగ్గేసింది.

"ఎవరో ఒకరు వదలండి," అంది డయానా వెనకనుంచి. "ఒక్కసారిగా కాదు. బరువు పట్టుకునే ఉండి, మెల్లిగా."

మెట్లు దిగేటప్పుడు తొడ కండ చేసే పని అదేనట. పట్టు విడవకుండా కొంచెం కొంచెంగా సాగాలి. లాగడం కన్నా ఆ వదలడమే కష్టమట. నేను వదిలాను. కుర్చీ తిరిగింది. అలా తొంభై మెట్లూ దిగి ఆవిడను ఆటోలో కూర్చోబెట్టేసరికి నాలో ఉన్న ఆరువందల కండరాలూ పేరుపేరునా పరిచయం చేసుకున్నాయి.

ఆటో వెళ్లింది. సాయంత్రం ఆరింటికి తిరిగొస్తుంది. అంటే మళ్లీ తొంభై మెట్లు, ఈసారి పైకి! ప్రెసిడెంటు గారూ నేనూ కింది మెట్టు మీద పక్కపక్కన కూలబడ్డాం. ఆయన చెమట తుడుచుకుని, మీ ఇష్తియాక్‌నే పిలిపించండి అన్నారు. అబ్బే, మీ జాన్సనే రానీయండి అన్నాను. కాదు మీ మాటే కానివ్వండి అని ఆయన, పెద్దవారు మీరు చెప్పాక తిరుగేముంది అని నేను. ఇద్దరం ఒకేసారి లాగితే కదలని లిఫ్టు, ఒకేసారి వదిలినా కదలదని పావుగంట మర్యాదల తర్వాత గానీ తెలియలేదు. చివరికి నజీమా గారు బాల్కనీలోంచి మా వాలకం చూసి, తనే ఇష్తియాక్‌కి ఫోన్ చేశారు.

అతను వచ్చాడు. తలుపు సరిగా మూసుకుందో లేదో చూసే చిన్న స్విచ్ ఒకటి పాడైందట. అగ్గిపెట్టెంత ఉంది. మార్చేసి, లిఫ్టు రెండుసార్లు పైకీ కిందికీ తిప్పి చూసి, చేతులు కడుక్కున్నాడు. మొత్తం నలభై నిమిషాలు.

ఆరింటికి శౌరమ్మ గారు ఆటో దిగారు. లిఫ్టు తలుపు తెరుచుకుని ఉండటం చూసి అక్కడే ఆగిపోయారు. ఎంతసేపు పట్టిందని డయానాను అడిగారు. నలభై నిమిషాలని డయానా చెప్పింది. ఆవిడ కోప్పడలేదు. కొండ దగ్గర తెచ్చిన ప్రసాదం మా ఇద్దరి చేతుల్లోనూ పెట్టి, మా ముఖాల్లోకి చూశారు.

"ఇంతేనా బాబూ?" అని అడిగారు.

జవాబు చెప్పాలంటే దవడ కదలాలి. ఏడు మీటింగులు నడిపిన దవడ అది. ఎంత ప్రయత్నించినా కదల్లేదు.