నాంచారమ్మ నాలుగు పేజీలు

బెజవాడలో రక్షకదళం అనే బొమ్మల పత్రిక మీద సమీక్ష వచ్చిన మర్నాడు, అందులో బలహీనత అని రాసినదాన్ని పత్రికలోంచీ, ఊళ్ళోంచీ కూడా చెరిపేస్తారు. ఇది చాలాకాలంగా ఉన్న పద్ధతే. వెనకటి సమీక్షల్లో ఒక వంతెన పోయింది, ఒక పిల్లి పోయింది, ఊరికి పడమటివైపు సాయంత్రాలు కాస్త పొట్టివయ్యాయి. వంతెన ఉన్నచోట జనం పడవ ఎక్కడం అలవాటు చేసుకున్నారు.

దళంలోని వీరులు నలుగురూ అచ్చాఫీసు మేడమీదే కాపురం ఉండేవారు. తటిల్లత మెరుపులు విసురుతుంది. పవనయ్య గాలిలో తేలతాడు. కొండలు పేరుకు తగ్గట్టే కొండల్ని ఎత్తుతాడు. నాలుగో మనిషి నాంచారమ్మ. యాభై దాటిన మనిషి. ఎవరి పక్కనైనా కూర్చుని చెయ్యి పట్టుకుంటే వాళ్ళ నొప్పిలో సగం ఆవిడకు వచ్చేసేది. అట్టమీద బొమ్మ వేయడానికి పనికొచ్చే శక్తి కాదది. భుజాలకు కట్టిన ఊదారంగు వస్త్రంతో ఆవిడ ఎగిరింది తక్కువ, మనుషుల ముఖాలు తుడిచింది ఎక్కువ.

ఆ నెల సంచికలో ఒక రాక్షసుడు మిల్లును నలిపేశాడు. మిగతా ముగ్గురూ వాడితో తలపడుతుంటే నాంచారమ్మ శిథిలాల కింద నడుము దాకా ఇరుక్కుపోయిన రత్తమ్మ అనే కూలిమనిషి పక్కన కూర్చుంది. నాలుగు పేజీలు అలాగే కూర్చుంది. రత్తమ్మ బతకలేదు. కానీ భయపడుతూ పోలేదు.

సమీక్షకుడు పరాంకుశం ఆ పేజీలు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, రాయడానికి కూర్చున్నాడు. బలాల కింద పోరాటాలూ, రంగులూ, తటిల్లత మాటల్లోని చురుకూ రాశాడు. బలహీనతల చోటు ఖాళీగా వదిలితే, ఈ చెరిపే పని చూసే కార్యాలయం సమీక్షను వెనక్కి పంపేస్తుంది. సంచిక మళ్ళీ తిరగేశాడు. ఏమీ దొరకలేదు. చివరికి, నాంచారమ్మ పేజీల్లో కథ నెమ్మదించిందని రాశాడు. అది అబద్ధమూ కాదు.

సమీక్ష వచ్చిన సాయంత్రం ఆవిడ పరాంకుశం ఇంటికి వచ్చింది. తిడుతుందనుకుని అతను వీధి తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఆవిడ అరుగుమీద కూర్చుని మంచినీళ్ళు అడిగి తాగింది.

"నేను చేసిన తప్పేంటో చెప్పండి బాబూ. ఇప్పుడు దిద్దుకునేదేం లేదనుకోండి. తెలిస్తే బావుంటదని."

"తప్పేం లేదమ్మా," అన్నాడు పరాంకుశం. "అక్కడ ఏదో ఒకటి రాయాలి."

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. "రత్తమ్మని వదిలేసి లేచెళ్ళిపోతే రాసేవోరు కాదా?"

"రాసేవాణ్ణి కాదు."

"అయితే సరేలెండి."

లేవబోతూ, అలవాటు కొద్దీ అతని చెయ్యి పట్టుకుంది. పరాంకుశం సిగ్గులో సగం ఆవిడతో వెళ్ళిపోయింది. మిగిలిన సగంతో అతనికి నిద్ర పట్టింది.

మర్నాడు కార్యాలయంలో ఒక గుమాస్తా మామూలు రబ్బరుతోనే ఆవిడను పాదాల దగ్గర్నుంచి చెరపడం మొదలుపెట్టాడు. తోడు వచ్చినవాడు కొండలు ఒక్కడే. నొప్పిగా ఉందా అని గుమాస్తా అడిగితే, లేదని రాసుకోమంది. కొండలు ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. అతనికి ఆ శక్తి లేదు కాబట్టి ఆవిడకు నొప్పేమీ తగ్గలేదు. అయినా, పట్టుకోవడానికి చెయ్యి ఉన్నంతసేపూ వదల్లేదు. తర్వాత గుమాస్తా బల్లమీది రబ్బరుపొట్టు దులిపి, భోజనానికి వెళ్ళాడు.

తర్వాతి సంచిక ఎక్కడా ఆగకుండా పరుగెత్తింది. పాఠకులు మెచ్చుకున్నారు. ఊళ్ళో కూడా పనులు చురుగ్గా సాగాయి. ఆసుపత్రికి చూడవచ్చినవాళ్ళు బత్తాయిలు పెట్టి, సెలైన్ సీసా వంక చూసి, డాక్టరు ఏమన్నాడో అడిగి వెళ్ళిపోయేవారు. వాళ్ళు రాతిగుండె మనుషులేం కాదు. ఆ తర్వాత ఏం చెయ్యాలో గుర్తు రాక వెళ్ళిపోయేవారు. వాడకం లేదని మంచాల పక్కనుంచి స్టూళ్ళు తీసేశారు. వార్డులు విశాలంగా కనిపించాయి.

కొన్నాళ్ళకు కొండలు ఎత్తిన కొండ అతని మీదే పడింది. పరాంకుశం చూడటానికి వెళ్ళాడు. అంత భారీ మనిషీ దుప్పటి కింద చిన్నగా అయిపోయాడు.

"కాసేపుండండి సార్," అన్నాడు కొండలు.

పరాంకుశం ఉన్నాడు. నిలబడే ఉన్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు. రావడానికీ వెళ్ళడానికీ మధ్య మనుషులు ఏదో చేసేవారు. అదేమిటో గుర్తు తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాడు. కొండలు కళ్ళు అతని మీదే ఉన్నాయి.

"తగ్గిపోతుందిలే," అని పరాంకుశం బయటికి వచ్చాడు.

వరండాలో జనం అన్ని వార్డుల్లోంచీ ఒకే వేగంతో బయటికి వస్తున్నారు. మెట్ల దగ్గర ఒకాయన, వెనకట్లో ఆసుపత్రికి వస్తే రోజంతా పోయేదండీ, ఇప్పుడు హాయిగా ఉంది అన్నాడు.

నిజమేనన్నాడు పరాంకుశం. ఇద్దరూ కలిసి మెట్లు దిగారు.