నవ్వేవాడు వేరే గ్రహంవాడు

గిన్నెల షాపు యజమాని ఆ ఉదయం వేసుకున్న లెక్క చిన్నదే: తొమ్మిదికల్లా షూటింగ్ ముగించాలి, పదికి షాపు తెరవాలి. సంగతి ఇంట్లో చెప్పలేదు. ఏదైనా ఇంట్లో చెప్పే అలవాటు ఆయనకు లేదు.

సినిమా బామ్మర్దిది. వేరే గ్రహంవాడొకడు షాపు యజమాని రూపం ఎత్తి ఊరిని నమ్మిస్తాడు. పచ్చరంగు మేకప్పుకే డబ్బుల్లేవు, ఇక రెండో నటుడెక్కడ? రెండు వేషాలూ బావగారి నెత్తినే పడ్డాయి.

"ఎవడు ఎవడో జనానికెలా తెలుస్తుందిరా?"

"తేలికే బావా. వాడు నవ్వుతాడు, పలకరిస్తాడు. అసలువాడు నీలాగే ఉంటాడు."

కెమెరా అంటే ఒక ఫోను. దాన్ని కుక్కర్ డబ్బాల సందున నిలబెట్టారు. వెలుతురు కోసం షట్టర్ ఎత్తడంతో వచ్చింది తంటా. షాపు తెరిచారనుకుని ఒకావిడ లోపలికొచ్చింది.

"ఆపకు బావా! మనకు ఊరికే దొరికిన నటి!" డబ్బాల వెనకనుంచి గుసగుస.

ఆయన నవ్వాడు. పిల్లల చదువులడిగాడు. అడగకుండానే ధర తగ్గించాడు. ఆవిడ వెళ్ళి తోడికోడల్ని తెచ్చింది, తోడికోడలు వీధినంతా తెచ్చింది. గంటలో అరలు బోసిపోయాయి, ఆయన దవడలు పట్టేశాయి.

జనం పలచబడుతుండగా భార్య వచ్చింది. చేతిలో టిఫిన్ క్యారేజీ, భుజాన బట్టల సంచి. ఆయన ఇంకా వేషంలోనే ఉన్నాడు.

"వచ్చావా! ఎండలో నడిచొచ్చావా? కూర్చో. నువ్వు తిన్నావా?"

ఆమె స్టూలు మీద కూలబడింది.

"పెళ్ళయిన పన్నెండేళ్ళకి అడిగారు," అంటూ కళ్ళు తుడుచుకుంది. "ఈ క్యారేజీ మీకిచ్చేసి, ఇక తిరిగి రాకూడదనే అక్క ఇంటికి బయల్దేరానండీ. వెళ్ళన్లెండి."

తన దగ్గర ఇంత సరుకుండీ, పైసా పెట్టుబడి అక్కర్లేని సరుకుండీ, పన్నెండేళ్ళూ ఇంటావిడకు లేదని ఎందుకు చెప్పాడో ఆయనకే అర్థం కాలేదు. ఆ మాటే చెబుదామని నోరు తెరిచాడు.

"కట్! ఏడుపు అదరగొట్టావక్కా!"

ఆమె ఫోను వైపు చూసింది. తమ్ముణ్ణి చూసింది. చివరికి మొగుణ్ణి చూసింది. సంచి భుజానికెత్తుకుని మెట్లు దిగింది. ఆయన గల్లాపెట్టె తెరిచినది తెరిచినట్టే వదిలేసి వీధిలోకి పరుగెత్తాడు.

"ఆగు! ఇప్పుడు నిజంగానే అడుగుతున్నా. తిన్నావా?"

ఆమె వెనక్కి తిరగలేదు.

"ఇది ఎన్నో టేకండీ?"

సినిమా చూసినవాళ్ళు వేరే గ్రహంవాడు అచ్చం మనిషిలా ఉన్నాడని మెచ్చుకున్నారు. షాపు యజమాని వేషమే నమ్మేలా లేదన్నారు.