తెగులు సోకని గడ్డి

"మా హయాంలో గడ్డికి తెగులు సోకదు!" అని పచ్చిక శాఖ మంత్రిగారు ప్రకటించారు. జన్యువులు మార్చిన ఆ గడ్డిని సోమవారం స్వయంగా నిమిరి చూపిస్తామని కూడా సెలవిచ్చారు.

పేపర్లో అది చదివి, ఆ గడ్డిని తయారుచేస్తున్న టెంపరరీ సైంటిస్టు గుండెల్లో రాయి పడింది. మంత్రిగారు మెచ్చుకుంటే పర్మనెంటు, లేకపోతే ఇంటికే.

ఆఫీసు ముందు రెండు మడులున్నాయి. ఒకదాంట్లో కొత్త గడ్డి, పోల్చిచూడటానికి పక్కనే మామూలు గడ్డి. రెండింటికీ బూజు తెగులు అంటించారు. కొత్త గడ్డి మచ్చలు తేలి పసుపెక్కింది. మామూలు గడ్డి మాత్రం సిగ్గూ ఎగ్గూ లేకుండా నిగనిగలాడుతోంది.

"ఇప్పుడెలా సార్?"

డైరెక్టరుగారు విజ్ఞానఖని. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "గడ్డిని మార్చడం కష్టమయ్యా. బోర్డులు మార్చెయ్!"

సోమవారం మంత్రిగారు నిగనిగలాడే గడ్డిని కెమెరాల ముందు నిమిరారు.

"ఆ పక్కదేంటి?"

"మామూలు గడ్డి సార్."

"ఛీ, పాత ప్రభుత్వంలా ఉంది. తగలబెట్టండి!"

తగలబెట్టారు. ఏళ్ల కష్టం పొగైపోతుంటే సైంటిస్టు కళ్ల వెంట నీళ్లు కారాయి.

"ఏడుస్తావేంటయ్యా?"

"ఆనందం సార్."

"ఇంత నిజాయితీపరుణ్ణి టెంపరరీగా ఉంచుతారా!" అని మంత్రిగారు అక్కడికక్కడే పర్మనెంటు చేసేశారు.

మర్నాడు ఇంకో ప్రకటన వెలువడింది. ఆ గడ్డి ప్రభుత్వ సొత్తు. అనుమతి లేకుండా ఎవరింట్లో మొలిచినా దొంగతనమే. ఉద్యోగి అయితే ఉద్యోగం ఊడుతుంది, జైలు అందరికీ సమానం.

గడ్డిని గుర్తుపట్టడానికి సైంటిస్టుగారిని వెంటబెట్టుకెళ్దామని తనిఖీ ఇన్‌స్పెక్టరు ఆయన ఇంటికే ముందు వచ్చాడు. గేటు దాటి కిందికి చూశాడు. చేతిలోని నమూనా పోచను మెట్ల పక్కన మొలిచిన గడ్డికి ఆనించి చూశాడు. అచ్చు అదే.

"అయ్యో, అది ఊరంతా మొలిచే గడ్డే కదన్నయ్యా!" అంది సైంటిస్టు భార్య. "ఏవండీ, మీరైనా చెప్పండి!"

నిజం చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే జైలు. సైంటిస్టు గడ్డిని చూశాడు, భార్యను చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"ఇల్లు మా ఆవిడ పేరు మీద ఉంది సార్," అన్నాడు.