డిక్కీలో శీతాకాలం

పెళ్లి మూడు గంటలకి. ఆ జూన్ శనివారం పొద్దున్నే అర్వో నీమెలా వేసుకున్న పథకం చాలా చిన్నది: కారు వెనక చక్రాల వంకర తీయడం, స్నానం చేసి సూటు తొడుక్కోవడం, కూతురు కైయాని ఆ కారులోనే చర్చికి తీసుకెళ్లడం. చక్రాలకి గంట చాలనుకున్నాడు.

అమెరికా ఉత్తరపు కొసనున్న హాంకాక్‌లో ఆరు నెలలు మంచు. మంచు కరగాలని రోడ్ల నిండా ఉప్పు. ఆ ఉప్పు కార్ల కింద చేరి ఇనుమును తినేస్తుంది. ఆ ఊళ్లో కారు కింద బోల్టు సులువుగా ఊడిందని ఎవరైనా చెబితే వాడు అబద్ధాలకోరైనా అయి ఉండాలి, నిన్ననే ఫ్లోరిడా నుంచి దిగినవాడైనా అయి ఉండాలి. ముప్పై ఏళ్లు లారీలు బాగుచేసిన అర్వోకి ఇది తెలియక కాదు. ముందురోజు టైర్ల షాపువాడు, "వెనక ఎడమ చక్రం పక్కకి తిరిగుంది. బోల్టులు బిగుసుకుపోయాయి, మేం ముట్టుకోం" అన్నాడు. అది విన్న కాబోయే వియ్యంకుడు, "మా పొడుగు నల్లకారు ఉందిగా, అమ్మాయిని అందులో పంపండి" అని నవ్వాడు. ఆ నవ్వుకి అర్వోకి ఒళ్లు మండిపోయింది. కైయాకి డ్రైవింగు నేర్పింది ఈ కారులో. "నేను నాన్న కారులోనే వెళ్తాను" అని ఆ పిల్ల అందరి ముందూ చెప్పేసింది.

కారుకి రెండు పక్కలా, చక్రాల ఎత్తులో, కుర్చీలకి దారాలు కట్టి బిగించాడు. దారానికీ చక్రానికీ మధ్య దూరం ముందొకసారి, వెనకొకసారి కొలిచాడు. షాపువాడు చెప్పింది నిజమే. అందుకు ఇంకా కోపం వచ్చింది. కారు ఎత్తి కిందకి దూరి, చక్రాన్ని అటూ ఇటూ తిప్పి సరిచేసే బోల్టుకి పానా వేశాడు. కదల్లేదు. తుప్పు వదిలే నూనె పోశాడు. కదల్లేదు. పానాకి ఇనప గొట్టం తొడిగి దానికి వేలాడాడు. గొట్టం వంగింది.

భార్య ఐలా గుమ్మంలోకి వచ్చింది. "అర్వో, ఆ డిక్కీలో ఉన్న..."

"ఇప్పుడు కాదు!"

"ఒక్క మాట వినవయ్యా..."

"నేను బోల్టు గురించి ఆలోచిస్తుంటే నువ్వు డిక్కీ అంటావేం? వెళ్లు!"

ఆవిడ వెళ్లింది. అర్వో గ్యాసు మంట తెచ్చి బోల్టుని ఎర్రగా కాల్చాడు. బోల్టుతో పాటు చుట్టూ ఉన్న రబ్బరూ అంటుకుంది. నల్లటి పొగ ఇంటి కప్పు దాటింది. ఐలా కేకపెట్టి, చేతికందిన బక్కెట్టు తెచ్చి కుమ్మరించింది. అది పెళ్లివాళ్ల కోసం ఐసు వేసి కలిపిన రాస్ప్‌బెర్రీ షర్బత్.

"నలభై మందికి కలిపాను!" అంది ఐలా, ఏడుపు గొంతుతో.

అర్వో చెవి బోల్టు వైపే ఉంది. ఎర్రగా కాలిన ఇనుము మీద చల్లటి షర్బత్ పడగానే లోపల ఎక్కడో టక్కుమంది. పానా వేశాడు. బోల్టు తిరిగింది! ముఖం నిండా ఎర్రటి పాకం కారుతుండగా అతను ఆ పొద్దున మొదటిసారి నవ్వాడు.

అనుమానం కొద్దీ కొని ఉంచిన కొత్త బోల్టూ రబ్బరూ షెడ్డులో ఉన్నాయి. వెతికి తెచ్చేసరికి పొరుగింటి ఉర్హో, అతని ఇద్దరు తమ్ముళ్లూ పెరట్లో నిలబడి ఉన్నారు. ఫిన్లండ్ నుంచి వచ్చిన ఆ ఊరివాళ్లకి ఆవిరిస్నానాల రోజైన శనివారం, పైగా పెళ్లిరోజు, నీమెలా వాళ్ల పెరట్లో పొగ. ఇంకేముంది, రాళ్లు కాల్చి ఆవిరిపట్టే పెళ్లి సౌనా కాగుతోందనుకుని వచ్చేశారు. మూడు తువ్వాళ్లు ఎడమ పక్క దారం మీద ఆరేసి ఉన్నాయి. ఒక కుర్చీ బోర్లాపడింది.

"ఏమోయ్ అర్వో, రాళ్లు వేడెక్కాయా?"

"రాళ్లు కాదు, నా బుర్ర వేడెక్కింది! అది బట్టలారేసుకునే తాడనుకున్నారా? తియ్యండి!"

"తువ్వాలు పెట్టడానికి కూడా చోటు లేని పెళ్లేమిటయ్యా!" అని ఉర్హో అలిగాడు.

దారాలు మళ్లీ కట్టాడు. మళ్లీ కొలిచాడు. కొత్త బోల్టు బిగించి, కారుని నేల మీదికి దించి, మిల్లీమీటరు తేడా లేకుండా చక్రాన్ని తిన్నగా తెచ్చేసరికి రెండు గంటలు కావొచ్చింది. "అర్వో, డిక్కీ..." అంటున్న ఐలాని తోసుకుని స్నానానికి పరిగెత్తాడు.

సూటు తొడుక్కుని వచ్చి, ముందు వీధిలో ఓ చుట్టు తిప్పి చూశాడు. స్టీరింగు తిన్నగా ఉంది. కారు మాత్రం ఎండ్రకాయలా పక్కకి నడుస్తోంది. నిన్నటిదాకా ఎడమకి నడిచేది, ఇప్పుడు కుడికి! తిరిగొచ్చి తలుపు ధడాలున వేశాడు.

"ఎవడు ముట్టుకున్నాడు నా చక్రాన్ని?"

"నీ చక్రం ఎవడిక్కావాలి?" అన్నాడు ఉర్హో. "మీ ఆవిడ రొట్టెల పెట్టెలకి చోటు కావాలంటే, నువ్వు స్నానంలో ఉండగా డిక్కీలో ఇసుక మూటలు దింపాం, అంతే. ఐదూ ఎడమ పక్కనే పడేశావేమయ్యా? ఒక్కోటీ పంది పిల్లంత బరువుంది!"

అర్వో మూటల వైపు చూశాడు. చక్రాలు మంచులో జారకుండా అందరూ నవంబరులో వేసే మూటలే. అందరూ ఏప్రిల్లో తీసేస్తారు. వాటి బరువుకి కారు వెనక ఎడమ పక్క కుంగింది, చక్రం పక్కకి తిరిగింది. బోల్టుకి ఏ రోగమూ లేదు. ఆ బరువు మీదే అతను చక్రాన్ని తిన్నగా చేశాడు, మూటలు దిగగానే అది రెండో పక్కకి తిరిగింది.

"ఏప్రిల్లో చెప్పాను," అంది ఐలా, ఒక్కో మాటా నొక్కుతూ. "మేలో కూడా మంచు పడుతుందన్నావు. ఇవాళ మూడుసార్లు చెప్పబోయాను. నోరు మూయించావు. నా షర్బత్ పోయింది."

అతనికి సిగ్గేసింది. వియ్యంకుడి నల్లకారు తెప్పించమని చెప్పడానికి మనసొప్పలేదు. అప్పుడు కైయా తెల్లటి గౌను రెండు చేతులా ఎత్తిపట్టుకుని మెట్లు దిగి, ఇసుక మూటల వైపూ తండ్రి వైపూ చూసింది.

"నాన్నా, ఆ మూటలు మళ్లీ ఎక్కిస్తే తిన్నగా పోతుందా?"

"పోతుంది," అన్నాడు అర్వో, నేల చూస్తూ.

"అయితే ఎక్కించండి. రొట్టెలు నా ఒళ్లో పెట్టుకుంటాను."

ఉర్హో, తమ్ముళ్లూ తిట్టుకుంటూ ఐదు మూటలూ ఎత్తారు. పెళ్లికూతురు ఒడి నిండా రొట్టెల పెట్టెలతో, వెనక క్వింటాలు పైగా ఇసుకతో, కారు చర్చి దాకా గీత గీసినట్టు తిన్నగా వెళ్లింది.

ఆ ఏడు హాంకాక్‌లో డిక్కీలో ఇసుక మూటలతో తిరుగుతూ, మొదటి మంచు కోసం జులై నుంచే ఎదురుచూసినవాడు అర్వో ఒక్కడే.